విదేశాల్లో మన కార్డు: ఓటీపీ రాని చోట, ఓటీపీ అడగని చోట

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ల నుంచి విదేశాలకు వెళ్లేవాళ్లలో రెండు రకాలవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. కూతురి పురిటికో, మనవడిని చూసుకోవడానికో అమెరికా, సింగపూర్ వెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చే పెద్దవాళ్లు ఒక రకం. వెల్డింగ్, ప్లంబింగ్, ఏసీ పని నేర్చుకుని దుబాయ్, దోహా, మస్కట్ వెళ్లే కుర్రాళ్లు ఇంకో రకం. వీసా చేతికి రాగానే ఇద్దరూ అడిగేది ఒకటే. డాలరు ఎక్కడ చవగ్గా దొరుకుతుంది? చేతిలో ఎంత తీసుకెళ్లొచ్చు?

అడగాల్సిన ప్రశ్నలే. కానీ రేటు తేడా వల్ల పోయేది వందల్లోనో, కొద్ది వేలల్లోనో ఉంటుంది. కార్డు వివరాలు దొంగల చేతికి చిక్కితే ఖాతా మొత్తం ఊడ్చుకుపోవచ్చు. అందుకే ముందుగా తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఇక్కడ మన డబ్బుకు కాపలా కాస్తున్నది ఏది, విమానం దిగాక కూడా అది పనిచేస్తుందా అన్నది.

ఇక్కడ ఆ కాపలా ఓటీపీ. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో తనిఖీ తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు 2009లోనే చెప్పింది. షాపులో కార్డు పెడితే పిన్ నొక్కుతాం. ఈ రెండింటికీ మనం ఎంతగా అలవాటు పడ్డామంటే, ఓటీపీ ఎవరికీ చెప్పకపోతే చాలు, డబ్బు భద్రం అనుకుంటాం. దేశం దాటాక ఈ నమ్మకం రెండు వైపులా దెబ్బతింటుంది. మనకు అవసరమైనప్పుడు ఓటీపీ రాకపోవచ్చు. మన కార్డు నంబరు దొంగిలించినవాడు వాడేటప్పుడు ఓటీపీ అసలు అడగకపోవచ్చు.

రెండోది చాలామందికి తెలియదు. ఓటీపీ నిబంధన మన దేశానిది. చాలా విదేశీ సైట్లలో కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ ఇస్తే చాలు, చెల్లింపు జరిగిపోతుంది. అమెరికాలో చాలా షాపుల్లో కార్డు పెట్టినా, తాకించినా పిన్ అడగరు. హోటల్లో భోజనం అయ్యాక కార్డు వెయిటర్ తీసుకెళ్లి, బిల్లు వేసి తెచ్చిస్తాడు. అక్కడ అది మామూలే. కాబట్టి కార్డు జేబులోంచి జారిపోతే, దొరికినవాడికి మీ పిన్ తెలియాల్సిన పని లేదు. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలు ఇచ్చింది. విదేశీ ఆన్‌లైన్ చెల్లింపుల్లో వ్యాపారి అదనపు తనిఖీ కోరితే, అది చేసే ఏర్పాటు 2026 అక్టోబరు 1 నాటికి మన బ్యాంకుల దగ్గర ఉండాలి. మంచి అడుగే. కానీ వ్యాపారి కోరితేనే అన్న మాట మరిచిపోకూడదు. కోరని సైటు కోరదు.

అయితే మన చేతిలో ఏముంది? కార్డు స్విచ్ ఉంది. రిజర్వు బ్యాంకు 2020 జనవరి 15న ఇచ్చిన ఉత్తర్వు అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్తగా ఇచ్చే కార్డు ఏదైనా మొదట దేశంలోని ఏటీఎంలలో, షాపుల్లో మాత్రమే పనిచేయాలి. విదేశీ వాడకాన్ని ఖాతాదారే తెరుచుకోవాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మూసుకునే వీలు బ్యాంకు ఇవ్వాలి. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళ్తే ఏటీఎం, షాపు, ఆన్‌లైన్, తాకించి చెల్లించడం అని విడివిడిగా స్విచ్‌లు కనిపిస్తాయి. ఒక్కోదానికి రోజువారీ పరిమితి పెట్టుకోవచ్చు. ప్రయాణానికి ముందు చాలామంది అన్నీ ఒకేసారి తెరిచేస్తారు. అది వద్దు. షాపు స్విచ్ తెరవండి, పరిమితి రోజు ఖర్చుకు సరిపడా పెట్టండి. ఏటీఎం స్విచ్ డబ్బు తీసే రోజున తెరిచి, తీశాక మూసేయండి. విదేశీ ఆన్‌లైన్ స్విచ్ మాత్రం టికెట్టో, క్యాబో బుక్ చేసే ఆ కాసేపు తప్ప మూసే ఉంచండి. ఓటీపీ లేని చోట మీ కార్డుకు తలుపు, గొళ్లెం అదే.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. ఆ స్విచ్ మార్చడానికి కూడా కొన్ని బ్యాంకులు ఓటీపీ అడుగుతాయి. అంటే కథ మళ్లీ సిమ్ దగ్గరికే వస్తుంది.

సిమ్ ఎక్కడ ఉండాలి

మన ఇళ్లలో ఎక్కువమంది చేసేది ఏమిటంటే, ఇక్కడి సిమ్‌ని తమ్ముడికో, బావకో ఇచ్చి వెళ్తారు. ఓటీపీ వస్తే వాట్సాప్‌లో పెట్టమంటారు. ప్రేమతో చేసే సాయమే, కాదనను. కానీ దాని వల్ల జరిగేది చూడండి. మీ ఖాతా తాళం ఇప్పుడు ఇంకొకరి ఫోన్లో ఉంది. ఆ ఫోన్ పోయినా, అందులో ఎవరైనా మోసపు యాప్ వేయించినా మీ డబ్బే పోతుంది. పైగా ఓటీపీని వేరేవాళ్లకు అందుబాటులో ఉంచారంటే అది ఖాతాదారు నిర్లక్ష్యమని బ్యాంకు వాదించడానికి దారి దొరుకుతుంది. అప్పుడు నష్టపరిహారం దగ్గర గొంతు పెగలదు.

మెరుగైన దారి, సిమ్‌ని వెంట తీసుకెళ్లడం. రెండు సిమ్‌ల ఫోన్ అయితే ఒక దాంట్లో మన సిమ్, రెండో దాంట్లో అక్కడి సిమ్ లేదా ఈ-సిమ్. మన సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించుకోవాలి. ఫోన్లో ఆ సిమ్ తాలూకు డేటా రోమింగ్ ఆపేయాలి, లేకపోతే బిల్లు చూసి టెన్షన్ పడతారు. రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌లకు మామూలుగా డబ్బు పడదు, కాల్ ఎత్తితే పడుతుంది. ప్రీపెయిడ్ అయితే తిరిగొచ్చే తేదీ దాటేదాకా గడువు ఉండేలా రీచార్జ్ చేయించాలి. నెలల తరబడి వాడకం, బ్యాలెన్స్ రెండూ లేకుండా వదిలేసిన నంబరును కంపెనీ రద్దు చేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. బ్యాంకు దగ్గర మాత్రం ఆ నంబరు మీదిగానే ఉంటుంది. ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

కొందరు పాత కీప్యాడ్ ఫోన్లో మన సిమ్ వేసుకుని వెళ్తారు. ఆలోచన బాగుంది, కానీ పాత 2జీ ఫోన్లు అన్ని దేశాల్లో మోగవు. సింగపూర్‌లో 2017లోనే 2జీ ఆపేశారు. 4జీ కీప్యాడ్ ఫోన్ అయితేనే తీసుకెళ్లండి.

మన సరిహద్దు ఊళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఇచ్ఛాపురంలోనో, సోంపేటలోనో ఉన్నప్పుడు తీసుకున్న ఆంధ్రా నంబరు ఒకటి, బరంపురం వచ్చాక తీసుకున్న ఒడిశా నంబరు ఒకటి చాలామంది దగ్గర ఉంటాయి. బ్యాంకు రికార్డులో ఏ నంబరు ఉందో, ఆధార్‌కు ఏది జతైందో ఒకసారి చూసుకోండి. వాడని నంబరు బ్యాంకులో ఉండిపోయిందని విమానాశ్రయంలో తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. నంబరు మార్చాలంటే బ్యాంకు శాఖకో, ఏటీఎంకో వెళ్లాల్సి రావచ్చు, ఆ రెండూ ఇక్కడే ఉన్నాయి. అలాగే కేవైసీ గడువు అడగండి. మీరు దేశంలో లేనప్పుడు కేవైసీ గడువు దాటి ఖాతా ఆగిపోతే, మళ్లీ తెరిపించుకోవడం పెద్ద తలనొప్పి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి కార్డు మీద ఒక్క అక్షరంతో ఉంటే, పేరు పోల్చి చూసే హోటల్లోనో, కారు అద్దెకిచ్చే కౌంటర్లోనో ప్రశ్నలు వస్తాయి. వీలైతే పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే కొత్త కార్డు అడగండి.

ఎస్ఎంఎస్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఈమెయిల్ అలర్టులు కూడా పెట్టించుకోండి. ఎందుకో కింద చెబుతాను.

ఏ కార్డు, ఎన్ని కార్డులు

జన్‌ధన్ ఖాతాకు వచ్చిన మామూలు రూపే కార్డు దేశం బయట పనిచేయదు. అంతర్జాతీయ రూపే కార్డులు వేరే ఉన్నాయి, అవి విదేశాల్లో డిస్కవర్, డైనర్స్ వంటి నెట్‌వర్కుల మీద నడుస్తాయి. అన్ని షాపులూ వాటిని తీసుకోవు. వీసా గానీ మాస్టర్‌కార్డు గానీ ఒకటి ఉండటం మంచిది.

పెద్దవాళ్లు ఎక్కువగా చేసే పని, పెన్షన్ పడే ఖాతా డెబిట్ కార్డునే పట్టుకుని విమానం ఎక్కడం. ఇది మాత్రం నేను గట్టిగా వద్దంటాను. జీవితకాలం కూడబెట్టిన సొమ్మున్న ఖాతాను పిన్ అడగని దేశంలో జేబులో పెట్టుకుని తిరగాల్సిన అవసరం లేదు. ఇంకో చిన్న సేవింగ్స్ ఖాతా తెరిచి, దాని డెబిట్ కార్డు తీసుకెళ్లండి. కావలసినప్పుడు యాప్ నుంచి కొద్దికొద్దిగా అందులోకి మార్చుకోండి. పోయినా ఆ కొద్దే పోతుంది.

క్రెడిట్ కార్డు అంటే మన పెద్దవాళ్లకు భయం. అప్పు అనే మాట వినగానే వెనక్కి జరుగుతారు. కానీ మోసం జరిగినప్పుడు రెండింటి మధ్య తేడా పెద్దది. డెబిట్ కార్డులో పోయింది మీ డబ్బు, తిరిగి రావాలని ఎదురుచూడాలి. క్రెడిట్ కార్డులో అది ఇంకా బిల్లు మాత్రమే, నాది కాదని అభ్యంతరం చెప్పొచ్చు. ఆదాయం చూపించలేని రిటైరైనవాళ్లకు కూడా ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద బ్యాంకులు క్రెడిట్ కార్డు ఇస్తాయి. దాంతో ఏటీఎంలో నగదు మాత్రం తీయకూడదు. ఫీజుతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

హోటల్ గదికి, అద్దె కారుకు క్రెడిట్ కార్డే వాడండి. దిగగానే వాళ్లు డిపాజిట్‌గా కొంత మొత్తం ఆపి ఉంచుతారు. అది డెబిట్ కార్డయితే మీ ఖాతాలోని అసలు డబ్బు ఇరుక్కుంటుంది, ఖాళీ చేసి వెళ్లాక కూడా విడుదలకు రోజులు పట్టొచ్చు. క్రెడిట్ కార్డయితే పరిమితి మాత్రమే తగ్గుతుంది. అమెరికా పెట్రోలు బంకుల్లో యంత్రం జిప్ కోడ్ (అక్కడి పిన్‌కోడ్) అడిగి మన కార్డును తిరస్కరిస్తే కంగారు పడొద్దు. మన కార్డుకు అక్కడి చిరునామా లేదు కనుక అలా అవుతుంది. లోపలికెళ్లి కౌంటర్లో చెల్లిస్తే సరి.

ముందే విదేశీ డబ్బు వేసుకుని తీసుకెళ్లే ప్రీపెయిడ్ ఫారెక్స్ కార్డు పెద్దవాళ్లకు అనువుగా ఉంటుంది. మీ ఖాతాతో దానికి సంబంధం లేదు, ఎంత వేశారో అంతే. వేసిన రోజు రేటే ఖాయమవుతుంది. డాలర్లు వేసిన కార్డును మధ్యలో దుబాయ్‌లో దిర్హాంలకు వాడితే మళ్లీ మార్పిడి ఫీజు పడుతుంది, అది గుర్తుంచుకోవాలి.

యూపీఐ సంగతి. సింగపూర్, యూఏఈ, నేపాల్, భూటాన్, శ్రీలంక, మారిషస్, ఫ్రాన్స్ వంటి దేశాల్లో కొన్ని చోట్ల పనిచేస్తుంది, యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు విడిగా తెరుచుకోవాలి. దొరికిన చోట వాడుకోండి, దాన్నే నమ్ముకుని మాత్రం వెళ్లొద్దు. యూపీఐ ఫోన్‌కూ సిమ్‌కూ ముడిపడి ఉంటుంది. ఆ ఫోన్ పోతే అన్నీ ఒకేసారి పోతాయి.

యంత్రం అడిగే ఒక ప్రశ్న

విదేశీ షాపులో కార్డు పెట్టగానే తెర మీద ఒక ప్రశ్న రావచ్చు: రూపాయల్లో చెల్లిస్తారా, ఇక్కడి కరెన్సీలోనా? మన రూపాయి గుర్తు చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు దాన్నే నొక్కుతాం. నొక్కకూడదు. రూపాయలు ఎంచుకుంటే మార్పిడి రేటు మన బ్యాంకు కాకుండా ఆ షాపు తాలూకు సంస్థ నిర్ణయిస్తుంది. అందులో దాని లాభం కలిసి ఉంటుంది.

లెక్క తేలికగా ఉండాలని డాలరు 90 రూపాయలు అనుకుందాం. 100 డాలర్ల బిల్లును డాలర్లలోనే చెల్లిస్తే 9,000 రూపాయలు. చాలా కార్డుల్లో విదేశీ వాడకం ఫీజు 3.5 శాతం దాకా ఉంటుంది, అంటే 315 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 56 రూపాయల 70 పైసలు. మొత్తం 9,371 రూపాయల 70 పైసలు. అదే రూపాయల్లో చెల్లించినప్పుడు షాపు సంస్థ 6 శాతం కలుపుకుందనుకోండి, 9,540. అక్కడితో ఆగదు. రూపాయల్లో చెల్లించినా అది విదేశీ చెల్లింపే కనుక చాలా బ్యాంకులు దాని మీద కూడా తమ ఫీజు వేస్తాయి.

ఏటీఎంలో ఇదే ప్రశ్న ఇంకాస్త భయపెట్టేలా ఉంటుంది. మార్పిడిని ఒప్పుకుంటారా, నిరాకరిస్తారా అని అడుగుతుంది. నిరాకరిస్తే డబ్బే రాదేమోనని పెద్దవాళ్లు ఒప్పుకునేస్తారు. నిరాకరించినా డబ్బు వస్తుంది, మార్పిడి మాత్రం మీ బ్యాంకు చేస్తుంది. ఏటీఎంలో ప్రతిసారీ రెండు వైపులా ఫీజు పడొచ్చు కాబట్టి చిన్న మొత్తాలు పదిసార్లు తీయడం కంటే కాస్త పెద్ద మొత్తం ఒకసారి తీయడం మేలు.

చేతి డబ్బు

నగదు విషయంలో నియమాలు స్పష్టంగానే ఉన్నాయి. చాలా దేశాలకు ఒక ప్రయాణంలో 3,000 డాలర్ల విలువ దాకా విదేశీ నోట్లు తీసుకెళ్లొచ్చు, మిగతాది కార్డు రూపంలో ఉండాలి. రూపాయి నోట్లు 25,000 దాకా వెంట ఉంచుకోవచ్చు, తిరిగొచ్చినప్పుడు ఆటోకి, టిఫిన్‌కి పనికొస్తాయి. డాలర్లు కొనేటప్పుడు 50,000 రూపాయలు, అంతకు మించి అయితే నగదు ఇవ్వకూడదు, బ్యాంకు ద్వారా చెల్లించాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక్కొక్కరు బయటికి పంపగలిగేది 2,50,000 డాలర్ల దాకా. ఆ లెక్కలో 10 లక్షల రూపాయలు దాటాకే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) గురించి ఆలోచించాలి, మామూలు ప్రయాణాలకు అంత దూరం రాదు. ఒకవేళ పట్టుకున్నా ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

అమెరికాలో దిగేటప్పుడు 10,000 డాలర్లు దాటితే డిక్లేర్ చేయాలి, ఒకే ఇంటివాళ్లు కలిసి వెళ్తే అందరిదీ కలిపి లెక్క. యూఏఈలో ఆ హద్దు 60,000 దిర్హాంలు. డిక్లేర్ చేయడం తప్పు కాదు, పన్ను పడదు. దాచి దొరికితేనే చిక్కు.

పనికి వెళ్లే కుర్రాళ్ల విషయం వేరు. వాళ్ల డబ్బు అటు వెళ్లదు, ఇటు రావాలి. యూఏఈలో జీతాలు ప్రభుత్వ పర్యవేక్షణలో ఉండే వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ ద్వారా ఖాతాలోనో, జీతం కార్డులోనో పడతాయి. ఆ కార్డు, పిన్ రెండూ మీ దగ్గరే ఉండాలి. ఫోర్‌మన్ అడిగినా, తీసుకెళ్లిన ఏజెంటు అడిగినా, మన ఊరివాడే కదా అనిపించినా ఇవ్వొద్దు. ఇంటికి పంపడానికి లైసెన్సున్న ఎక్స్ఛేంజ్ హౌస్ లేదా బ్యాంకు వాడండి. నాలుగు పైసలు ఎక్కువ రేటిస్తామని, గంటలో ఇంటికి డబ్బు తెచ్చిస్తామని చెప్పే హవాలా మనిషి దగ్గర రసీదు ఉండదు, డబ్బు రాకపోతే అడిగే చోటు కూడా ఉండదు. పైగా అది చట్టవిరుద్ధం. ఉద్యోగానికి వెళ్లినవాళ్లు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి రాబడి కోసం ఉంచుకునే ఖాతాగా, మార్పించుకోవాలి. అక్కడి సంపాదన పంపడానికి ఎన్ఆర్ఈ అనే ఖాతా తెరుచుకోవచ్చు. సింగపూర్, ఒమన్, ఖతార్, సౌదీ, యూఏఈ, అమెరికా వంటి కొన్ని దేశాల ఫోన్ నంబర్లతోనే ఈ ఖాతాలకు యూపీఐ పెట్టుకునే వీలు 2023లో వచ్చింది. సిమ్ గొడవ అక్కడ సగం తీరుతుంది.

డబ్బు పోయిందని తెలిసిన క్షణం

మొదట యాప్‌లో కార్డు ఆపేయండి. యాప్ తెరుచుకోకపోతే బ్యాంకుకు ఫోన్. 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు. 91తో మొదలయ్యే నంబరు ఒకటి బ్యాంకు సైట్లో ఉంటుంది, కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోండి. ఫోన్ కూడా పోవచ్చు కదా. ఆ కాగితం మీద పిన్ మాత్రం రాయొద్దు. ఫోన్ చేశాక ఈమెయిల్‌లో కూడా ఫిర్యాదు పెట్టి, ఫిర్యాదు నంబరు, సమయం దాచుకోండి.

ఎందుకింత తొందర? రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మూడో చోట జరిగితే, మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాలో గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా మీరు భరించాలి. ఆ తర్వాత అయితే బ్యాంకు బోర్డు విధానం ఎలా ఉంటే అలా. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది. విదేశీ సైట్లో ఓటీపీ లేకుండా జరిగిన మోసంలో మీరు ఎవరికీ ఏమీ చెప్పలేదన్నది మీకు బలమైన ఆధారం.

ఆ మూడు రోజుల గడియారం మొదలయ్యేది బ్యాంకు సమాచారం మీకు అందినప్పటి నుంచి. సిమ్ తీసి బరంపురంలో బీరువాలో పెట్టి, మీరు న్యూజెర్సీలో ఉంటే ఎస్ఎంఎస్ మీ కంట పడదు, కానీ పంపామని బ్యాంకు అంటుంది. ఈమెయిల్ అలర్టు పెట్టుకోమన్నది అందుకే. పనిదినాలు మీ ఖాతా ఉన్న శాఖ లెక్కన చూస్తారు, సమాచారం అందిన రోజును కలపరు. ఖాతా ఒడిశా శాఖలో ఉంటే రథయాత్ర, రజ పండుగ లాంటి అక్కడి బ్యాంకు సెలవులు ఈ లెక్కలోకి రావు. అంచున పడినప్పుడు ఆ ఒక్క రోజే మిమ్మల్ని గట్టెక్కించొచ్చు. బ్యాంకు 30 రోజుల్లో బదులివ్వకపోయినా, ఇచ్చిన బదులు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.

విమానాశ్రయం వై-ఫై గురించి భయపెట్టే మెసేజ్‌లు వాట్సాప్‌లో బోలెడు తిరుగుతాయి. నాకు అంతకంటే భయం ఇంటి దగ్గర ఉండిపోయినవాళ్ల గురించి. మీ అబ్బాయి కస్టమ్స్‌లో చిక్కుకున్నాడు, వెంటనే డబ్బు పంపండి అని ఫోన్ వస్తే, అవతల అబ్బాయి విమానంలో ఉండి ఫోన్ ఎత్తకపోతే, ఏ తల్లి ఆలోచించగలదు? బయల్దేరే ముందే ఇంట్లో ఒక గుర్తుమాట అనుకోండి. ఆ మాట చెప్పకుండా ఎవరు అడిగినా పైసా కదలకూడదు. అప్పటికే పంపేసి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని ఇంట్లోవాళ్లకు చెప్పి వెళ్లండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

తిరిగొచ్చాక మొదటి పని, కార్డుల విదేశీ స్విచ్‌లన్నీ మూసేయడం. అక్కడ నమోదైన కార్డు వివరాలు మీరు వచ్చేసిన నెలల తర్వాత కూడా ఎవరి చేతికైనా చిక్కొచ్చు. మిగిలిన విదేశీ నోట్లలో 2,000 డాలర్ల విలువ దాకా ఉంచుకోవచ్చు, అంతకు మించితే 180 రోజుల్లో బ్యాంకుకో, అనుమతి ఉన్న మనీ ఛేంజర్‌కో ఇచ్చేయాలి. ఫారెక్స్ కార్డులో మిగిలింది కూడా వెనక్కి తీసుకోండి. వాడకుండా వదిలేసిన కార్డు మీద కొన్ని సంస్థలు ఫీజు కోస్తూ ఉంటాయి.